ఇండియానా జోన్స్ మళ్లీ వచ్చినప్పుడు: ఒక ఘాట్ రోడ్డు డ్రైవరు కూతురి మాటలు

(సినిమా అంటే ఇష్టమున్న కొందరం మొన్న ఆదివారం సాయంత్రం తిరుపతిలో కలిశాం. అక్కడ ఒక చరిత్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. మాట తడబడిన చోట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలకి వినపడుతోందా? ఆ మధ్య ఫ్యాను చప్పుడు బాగా ఎక్కువగా ఉంది, కాస్త ఆపేయండి. ఉక్కపోస్తే మళ్లీ వేసుకుందాం.

నన్ను మాట్లాడమన్నది ఇండియానా జోన్స్ గురించి, అదే, టోపీ పెట్టుకుని కొరడాతో పాత వస్తువుల కోసం తిరిగే ఆ హాలీవుడ్ సినిమాల పురావస్తు ప్రొఫెసర్ హీరో గురించి. అందులోనూ మొదటి మూడు సినిమాల గురించి కాదు. కథ అయిపోయిందని అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక, ఏళ్లకేళ్లు గడిచాక వచ్చిన సినిమాల గురించి. మన కుర్రాళ్లు ఫోన్‌లో అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. ఎందుకంటే ఈ విషయం నాకు సినిమా విషయం మాత్రమే కాదు, ఇంటి విషయం. ఆ మొదటి వరుసలో తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్న పెద్దాయన మా నాయన. తిరుమల ఘాట్ రోడ్డు మీద ఏళ్ల తరబడి ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. 1942లో పుట్టారు. జోన్స్ వేషం వేసిన హారిసన్ ఫోర్డ్ కూడా 1942లోనే పుట్టాడు, జులై 13న. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, తెలిసిన దగ్గర నుంచి ఆ సినిమాలు చూసే నా పద్ధతే మారిపోయింది. ఎలా మారిందో చెప్తాను.

ముందు లెక్క చెప్పుకుందాం. మొదటి సినిమా 1981. రెండోది 1984. మూడోది 1989. జార్జ్ లూకాస్ కథ, స్టీవెన్ స్పీల్బర్గ్ దర్శకత్వం, జాన్ విలియమ్స్ సంగీతం. 1977లో ఇద్దరు స్నేహితులు హవాయి బీచ్‌లో కూర్చుని మాట్లాడుకున్న మాటల్లోంచి పుట్టిన హీరో. స్పీల్బర్గ్ తనకు జేమ్స్ బాండ్ సినిమా చేయాలని ఉందన్నాడు, లూకాస్ అంతకంటే మంచిది నా దగ్గర ఉందన్నాడు. మూడో సినిమా చివర నలుగురూ గుర్రాలెక్కి అస్తమించే సూర్యుడి వైపు వెళ్లిపోతారు. అంతే. కథ కంచికి, మనం ఇంటికి. కంచి మనకేమైనా దూరమా, బస్సెక్కితే మూడు గంటలు. కానీ కంచికి పోయిన కథ వెనక్కి రాదు కదా. వీళ్లు దాన్ని వెనక్కి పిలిచారు. 2008లో, పంతొమ్మిదేళ్ల తర్వాత. పంతొమ్మిదేళ్లంటే మాటలా? 1989లో పుట్టిన పిల్ల 2008కి నా క్లాసులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ ఉంటుంది. ఆ తర్వాత ఇంకో పదిహేనేళ్లకి, 2023లో, మళ్లీ పిలిచారు. అప్పటికి ఫోర్డ్‌కి ఎనభై.

ఎందుకు పిలిచారు అనేది పెద్ద ప్రశ్న కాదు. డబ్బు ఉంది, పేరు ఉంది, జనానికి ప్రేమ ఉంది. నన్ను పట్టి పీడించిన ప్రశ్న వేరే. పిలిస్తే వచ్చింది ఎవరు? ఆ టోపీ పెట్టుకుని తెర మీదికి వచ్చింది మనకు తెలిసిన మనిషేనా, లేక ఆ టోపీ మాత్రమేనా?

దీనికి జవాబు చెప్పాలంటే మొదటి సినిమాలో లారీ సీను దగ్గరికి వెళ్లాలి. నేను ఎన్నిసార్లు చూసినా చివరికి అక్కడికే వెళ్తాను.

నాకు అప్పుడు పదేళ్లు ఉంటాయి. ఆ రోజుల్లో తిరుపతిలో ఇంగ్లీషు పిక్చర్ అంటే ఆదివారం మార్నింగ్ షో. నాయన రాత్రి డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, పడుకోకుండా నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లారు. ఇంగ్లీషు ఆయనకీ రాదు, నాకూ రాదు. సినిమా సగం దాకా ఆయన కునికిపాట్లు పడుతూనే ఉన్నారు. లారీ వచ్చింది. నిటారుగా కూర్చున్నారు. గుర్తుందా నాయనా? ఆ, తల ఊపుతున్నారు చూడండి.

ఆ సీను మీలో చూడనివాళ్ల కోసం చెప్తాను. ఎడారి రోడ్డు. ఈజిప్టు అని చూపిస్తారు గానీ తీసింది ట్యునీషియాలో. హీరో గుర్రం మీద వచ్చి, పరిగెత్తే లారీ మీదికి దూకి, డ్రైవరుని తోసేసి, స్టీరింగ్ పట్టుకుంటాడు. అక్కడితో గెలిచినట్టు కాదు. ఒక సైనికుడు ఎడమ చేతి మీద కాలుస్తాడు. రక్తం కారుతూ ఉంటుంది, అయినా బండి నడుపుతాడు. ఆ సైనికుడు సరిగ్గా ఆ గాయం మీదే గుద్దుతాడు, గుద్ది అద్దంలోంచి బయటికి విసిరేస్తాడు. ఇతను బానెట్ పట్టుకుంటాడు, దాని ముందున్న కంపెనీ బొమ్మని పట్టుకుంటాడు, అది వంగిపోతుంది, కిందికి జారి, లారీ కిందుగా దూరి, వెనక నుంచి కొరడా పట్టుకుని మట్టిలో ఈడ్చుకుపోతూ, మళ్లీ పైకి ఎక్కి, మళ్లీ ముందుకు వస్తాడు.

నాయన నా చెవి దగ్గరికి వంగి అన్నారు: "పాపా, భుజం చూడు. గేరు మార్చేముందే డ్రైవరు భుజం చెప్తాది." నాకేం అర్థం కాలేదు. ఇంటికొచ్చాక కుర్చీలో కూర్చుని, చేతిలో పళ్లెం స్టీరింగ్ లాగా పట్టుకుని చూపించారు. బరువైన బండి నడిపేవాడికి పని చేతుల్లో ఉండదట, భుజంలో ఉంటుందట. పవర్ స్టీరింగ్ లేని రోజులవి. ఘాట్ రోడ్డులో ఒక్కో మలుపుకీ బస్సుని చేత్తో తిప్పడం కాదు, ఒంటితో తిప్పడం. ఆ హీరో ఒళ్లు నొప్పి పెడుతోందని మాకు తెలిసింది, అది నటన అని తెలిసి కూడా.

ఎన్నో ఏళ్లకి చదివి తెలుసుకున్నాను. లారీ కిందుగా దూరింది టెర్రీ లెనార్డ్ అనే స్టంట్‌మాన్. లారీ నడిపింది స్టంట్లు చూసుకున్న గ్లెన్ రాండల్. రోడ్డు మధ్యలో గుంటలాగా తవ్వి మనిషి పట్టేంత చోటు చేశారు. కెమెరాని మామూలు కంటే నెమ్మదిగా తిప్పారు. అంటే సెకనుకి తీయాల్సిన బొమ్మల కంటే తక్కువ తీసి, తెర మీద మామూలు వేగంతో వేస్తే నిదానంగా పోయే లారీ కూడా దూసుకుపోతున్నట్టు కనిపిస్తుంది. అదీ ట్రిక్కే. కానీ ఆ మట్టి నిజం, ఆ లారీ నిజం, కింద పడుకున్న మనిషి నిజం. ఇనప ముక్క ఎంత బరువుంటుందో అంతే బరువుంది అక్కడ.

సరే, ఆ సీను అయ్యాక ఏం జరుగుతుంది? చాలామంది మర్చిపోతారు. ఓడలో చిన్న గది. ఒళ్లంతా దెబ్బలతో హీరో మంచం మీద కూలబడతాడు. అతని ప్రియురాలు మేరియన్ గాయాలు తుడవబోతే ఎక్కడ ముట్టుకున్నా అబ్బా అంటాడు. నువ్వు పదేళ్ల కిందటి మనిషివి కాదంటుంది ఆవిడ. వయసు కాదు తల్లీ, తిరిగిన మైళ్లు అంటాడు ఇతను. ఆవిడకి చిరాకు వచ్చి, అయితే నొప్పి లేని చోటేదో చెప్పు అంటుంది. మోచెయ్యి చూపిస్తాడు. అక్కడ ముద్దు పెడుతుంది. నుదురు చూపిస్తాడు. అలా అలా... చివరికి పాపం నిద్రపోతాడు.

ఇది 1981. ఫోర్డ్‌కి అప్పుడు నలభై కూడా లేవు. చూడండి, ఈ కథకి వయసు గొడవ 2008లో వచ్చింది కాదు. మొదటి సినిమాలోనే ఉంది. ఈ హీరో అలసిపోతాడు, పాముల్ని చూస్తే వణుకుతాడు, దెబ్బ తగిలితే మర్నాడు కూడా నొప్పిగా ఉంటుంది. బాండ్‌కీ ఇతనికీ తేడా అదే. అందుకే ముసలివాడయ్యాక కూడా చెప్పుకోదగ్గ కథ ఎవరికైనా ఉందంటే అది ఇతనికే ఉంది. ఎవరైనా "ముసలాయనతో సినిమా ఏంటి" అంటే నేను ఒప్పుకోను. ముసలాయనతోనే తీయాలి. కాకపోతే ముసలాయన అని ఒప్పుకుని తీయాలి.

రెండో సినిమా గురించి ఎక్కువ చెప్పను. మనవాళ్ల మనసు నొచ్చిన సినిమా. కథ మన దేశంలో జరుగుతుంది, మన ప్రభుత్వం స్క్రిప్టు చూసి షూటింగ్‌కి ఒప్పుకోలేదు, శ్రీలంకలో కాండీ దగ్గర తీసుకున్నారు. విడుదలప్పుడు ఇక్కడ నిషేధం. మేం వీడియో క్యాసెట్‌లో చూశాం. పాములూ కోతి మెదడూ తినే రాజుగారి విందు చూసి మా అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు ఇప్పటికీ ఆ విందు కోపమే. పిల్లలకి చరిత్ర చెప్పేదాన్ని, కోపం రాకుండా ఎలా ఉంటుంది? అమ్రిష్ పురిని మాత్రం మర్చిపోలేం. ఆ సినిమాలో గుండుతో మోలా రామ్‌గా భయపెట్టినాయనే, కొన్నేళ్లకి మన తెలుగు తెర మీద మహాద్రష్టగా వచ్చాడు.

ఆ సినిమాలో ఇంకో మనిషి ఉన్నాడు, దాదాపు నా ఈడువాడే. పొట్టి పిల్లాడు, టోపీ పెట్టుకుని హీరో వెంట తిరుగుతాడు. కీ హుయ్ క్వాన్. పెద్దయ్యాక వేషాలు లేక నటనే మానేసి చాలా ఏళ్లు తెర వెనక పనులు చేసుకున్నాడు. 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది. అదే రాత్రి ఉత్తమ చిత్రం పేరు చదవడానికి స్టేజీ ఎక్కింది ఎవరు? హారిసన్ ఫోర్డ్. చదివింది క్వాన్ సినిమా పేరే. ఆ కుర్రాడు, ఇప్పుడు యాభై దాటినవాడు, పరిగెత్తుకుంటూ వెళ్లి ఆయన్ని కౌగిలించుకున్నాడు. నేను ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. ముప్పై తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన సీక్వెల్ అంటే అది. ఎవరూ రాయలేదు, ఎవరూ తీయలేదు.

ఇక నాలుగోది. 2008 మే నెల. నాయన రిటైరై ఎనిమిదేళ్లు. నేను లెక్చరర్‌ని. పొద్దున్నే రైలెక్కి మద్రాసు వెళ్లాం, ఆయనా నేనూ, ఈ సినిమా కోసమే. ఇంట్లో టిఫిన్ కట్టిచ్చారు. రేణిగుంట దాటగానే తినేశాం, అంత సంబరం.

మొదట్లో నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ముందు నేల మీద టోపీ పడుతుంది, తర్వాత నీడ, ఆ తర్వాతే మనిషి. కథ కూడా 1957లో పెట్టారు. అంటే బయట పంతొమ్మిదేళ్లు గడిస్తే సినిమాలో కూడా దాదాపు అంతే గడిచింది. ఇది నిజాయితీ. బల్ల మీద తండ్రి ఫోటో, స్నేహితుడు మార్కస్ ఫోటో. మార్కస్‌గా వేసిన డెన్‌హమ్ ఎలియట్ 1992లోనే పోయాడు. తండ్రిగా వేసిన షాన్ కానరీ రిటైరయ్యానని రాలేదు. కాలేజీ డీన్ ఒక మాట అంటాడు అక్కడ: జీవితం మనకు ఇవ్వడం ఆపేసి, మన దగ్గర నుంచి తీసుకోవడం మొదలుపెట్టే వయసుకి వచ్చినట్టున్నాం అని. ఆ ఒక్క మాటకి టికెట్ డబ్బులు ఇచ్చేయొచ్చు. నేను నాయన వైపు చూశాను, ఆయనకి ఇంగ్లీషు అర్థం కాకపోయినా ఆ ఫోటోల వైపే చూస్తున్నారు.

మరి ఆ మాట అన్న సినిమా ఆ మాట మీద నిలబడిందా? నిలబడలేదు. అప్పటికే, ఆ మాటకి ముందే, ఫ్రిజ్ సీను అయిపోయింది. అణుబాంబు పరీక్ష జరుగుతుంటే హీరో ఫ్రిజ్‌లో దూరి తలుపేసుకుంటాడు. పేలుడుకి ఆ ఫ్రిజ్ ఆకాశంలో ఎగిరి, మైళ్ల దూరంలో పడి, దొర్లి, తలుపు తెరుచుకుంటుంది. లేచి దులుపుకుని నిలబడతాడు. 1981లో నలభై లేని మనిషికి మోచెయ్యి తప్ప ఒళ్లంతా నొప్పి. 2008లో అరవై దాటిన మనిషికి ఏ నొప్పీ లేదు! ఇది తలకిందులు కాదా? మీరే చెప్పండి. అడవిలో జీపుల ఛేజింగ్ కూడా అంతే. వేగం ఉంది, బరువు లేదు. దాదాపు సినిమా అంతా అమెరికాలోనే తీసి, అడవి కోసం హవాయి వెళ్లి, మిగతాది కంప్యూటర్లలో కలుపుకున్నారు. హీరో కొడుకు కోతులతో పాటు తీగలు పట్టుకుని ఊగుతుంటే పక్కనే కూర్చున్న నాయన మెల్లగా చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

సాయంత్రం తిరుగు బండిలో అడిగాను, ఎలా ఉంది నాయనా అని. చాలాసేపు కిటికీలోంచి చూసి అన్నారు: "మనిషి బాగుండాడు. ఆయన్ని మళ్లా చూసినందుకు సంతోషమే. కానీ ఆ బండ్లు రోడ్డు మీద పోలేదు పాపా. టైర్ల కింద నేల లేదు."

ఆ సినిమా డబ్బు బాగానే చేసుకుంది, ప్రపంచమంతా కలిపి దాదాపు 79 కోట్ల డాలర్లు. నా బాధ దాని గురించి కాదు.

చరిత్ర టీచర్‌గా నాకు ఇంకో బాధ కూడా ఉంది, అదీ చెప్పేస్తాను. నాలుగో సినిమాలో వెతికే వస్తువు స్ఫటిక కపాలం. అలాంటివి నిజంగా మ్యూజియాల్లో ఉన్నాయి, ప్రాచీన మెక్సికో వాళ్లు చేశారని చాలా కాలం నమ్మారు. బ్రిటిష్ మ్యూజియం ఒకటి 1897లో కొనుక్కుంది. పరిశోధకులు మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే తిరిగే చక్రంతో అరగదీసిన గీతలు కనిపించాయి. ప్రాచీన మెక్సికోలో అలాంటి చక్రం లేదు. 19వ శతాబ్దపు పనితనం అని తేల్చారు. ఆ పరిశోధన పత్రం అచ్చైంది ఏ ఏడాదో తెలుసా? 2008. సినిమా వచ్చిన ఏడాదే. అంటే మన హీరో జీవితంలో మొదటిసారి ఒక నకిలీ వస్తువు కోసం పరిగెత్తాడు.

ఐదో సినిమాలో వస్తువు మాత్రం అచ్చమైనది. దాని అసలు పేరు ఆంటికిథెరా యంత్రం. గ్రీసులో ఆ పేరుగల దీవి దగ్గర, సముద్రంలో స్పంజీల కోసం మునిగేవాళ్లకి మునిగిపోయిన ఓడ కనిపించింది. అందులోంచి తీసిన సామాన్లలో 1901లో తుప్పు పట్టిన కంచు ముద్ద ఒకటి బయటపడింది. దాని లోపల పళ్ల చక్రాలు! ఇప్పటికి మిగిలినవే ముప్పై. సూర్యుడు, చంద్రుడు ఎక్కడుంటారో, గ్రహణం ఎప్పుడొస్తుందో లెక్కగట్టే యంత్రం, రెండు వేల ఏళ్ల కిందటిది. ఏథెన్స్ మ్యూజియంలో ఉంది. మన ఊరివాళ్లకి దీని విలువ వేరే చెప్పాలా? గ్రహణం అంటే కొండ మీద గుడి తలుపులు మూస్తారు, శ్రీకాళహస్తిలో మాత్రం మూయరు, ఆ వేళకి అక్కడ పూజల కోసం జనం బారులు తీరతారు. గ్రహణం ఎప్పుడో ముందే తెలియడం మీదే ఇక్కడ ఊళ్ల బతుకు నడుస్తుంది. ఆ లెక్కని చేతి పిడి తిప్పితే చెప్పేలా కంచులో మలిచాడు ఎవడో మహానుభావుడు. సినిమాలో దాన్ని ఆర్కిమెడిస్ చేశాడంటారు, అది కల్పన. ఆ యంత్రం ఆయన పోయిన తర్వాతిదని ఎక్కువమంది పండితుల మాట. కానీ ఆర్కిమెడిస్ గ్రహాలు తిరిగే గోళం ఒకటి చేశాడని సిసెరో రాశాడు కాబట్టి, పూర్తిగా గాల్లో కట్టిన కల్పన కూడా కాదు.

ఐదో సినిమాకి దర్శకుడు మారాడు, జేమ్స్ మాంగోల్డ్. దీన్ని మేం ఇంట్లో టీవీలో చూశాం. నాయన మోకాళ్లు అప్పటికి మెట్లెక్కనివ్వడం లేదు. అమ్మ కూడా కూర్చుంది.

మొదటి భాగం 1944లో జరుగుతుంది. మా నాయన పుట్టిన రెండేళ్లకి, మన మొదటి ఘాట్ రోడ్డు తెరిచిన ఏడాది. రైలు మీద ఫైటింగ్. ఫోర్డ్ ముఖాన్ని కంప్యూటర్‌తో కుర్రవాడి ముఖంగా మార్చారు. ముఖం అచ్చంగా పాత ముఖమే, నాకు క్షణం పాటు గుండె ఆగింది. నాయన కళ్లజోడు సరిచేసుకుని ముందుకి వంగి అన్నారు: "ముఖం కుర్రోడిది. భుజం ముసలాయనది."

నలభై ఏళ్ల తర్వాత మళ్లీ అదే భుజం! ఈయనకి ఎవరూ చెప్పలేదు ఆ టెక్నిక్ గురించి. కంప్యూటర్ చర్మం మారుస్తుంది, ఒళ్లు కదిలే తీరు మార్చలేకపోయింది. గొంతు కూడా ఎనభై ఏళ్ల గొంతే. ఆలస్యాన్ని దాచబోయిన ప్రతిచోటా ఈ సినిమాలు పట్టుబడిపోయాయి, ఫ్రిజ్‌లో ఒకసారి, రైలు మీద ఒకసారి.

ఆ రైలు అయిపోగానే 1969. అసలు సినిమా అక్కడ మొదలవుతుంది. చిన్న ఫ్లాట్, పై చొక్కా లేని ముసలాయన, పక్క వాటాలో కుర్రాళ్ల పాటల మోత. లేచి వెళ్లి తలుపు కొట్టి అరుస్తాడు. ఆ ఒంటిని అలాగే చూపించారు, ముడతలతో, జారిన కండతో. చంద్రుడి మీద దిగి వచ్చినవాళ్లకి న్యూయార్క్‌లో ఊరేగింపు జరుగుతుంటే ఈయన క్లాసు చెప్తుంటాడు. మొదటి సినిమాలో క్లాసు గుర్తుందా? అమ్మాయిలు కళ్లార్పకుండా చూస్తారు, ఒకమ్మాయి రెప్పల మీద ప్రేమ అని రాసుకుని వస్తుంది. ఇప్పుడు వినేవాళ్లే లేరు. అదే గొంతు, అదే చరిత్ర. ఆ సీను నాకు ఎంత తగిలిందో ఈ హాల్లో ఉన్న టీచర్లకి అర్థమవుతుంది. మధ్యాహ్నం రెండింటికి విజయనగర పన్నుల విధానం చెప్తుంటే ఆఖరి బెంచీ తలలు ఒక్కొక్కటీ వాలిపోవడం... తెలుసు కదా.

ఆ రోజే ఆయన రిటైర్మెంట్. తోటివాళ్లు గడియారం బహుమతి ఇస్తారు. దాన్ని ఆయన రోడ్డు మీద ఎవరో దారినపోయే మనిషి చేతిలో పెట్టేసి వెళ్లిపోతాడు. మా ఇంట్లో ఎవరం మాట్లాడలేదు. టీవీ పైన గోడకి నాయన రిటైర్మెంట్ గడియారమే ఉంది, 2000లో డిపోలో ఇచ్చింది, అద్దం మీద ఎర్ర అక్షరాలతో పేరు, సర్వీసు సంవత్సరాలు. రోజూ టైము చూస్తాం గానీ ఆ అక్షరాలు చదివి ఎన్నేళ్లయిందో. ఆ పూట చదివాను.

సినిమా మధ్యలో, మొరాకోలో ఆటోల ఛేజింగ్, సముద్రం అడుగున ఈల్ చేపలు, అవన్నీ పొడుగు ఎక్కువ, వాటి గురించి చెప్పి మీ టైము తీసుకోను. కానీ రాత్రి పూట ఓడ మీద ఒక చిన్న మాటామంతీ ఉంది. గతానికి వెళ్లగలిగితే ఏం చేస్తావని హెలెనా అడుగుతుంది. హెలెనా అంటే ఆయన పాత స్నేహితుడి కూతురు, ఆయనకి కూతురి వరస. పురావస్తు ప్రొఫెసర్ కదా, క్లియోపాత్రాని చూస్తాననో ఇంకేదో అనొచ్చు. ఆయన అంటాడు, నా కొడుకుని సైన్యంలో చేరకుండా ఆపుతానని. కొడుకు వియత్నాం యుద్ధంలో పోయాడు. ఆ దుఃఖంలోనే భార్య మేరియన్ విడిపోయింది. నాలుగో సినిమా చివర పెళ్లి చేసి పంపిన కుటుంబం అదే. కొందరు అభిమానులకి ఇది నచ్చలేదని తెలుసు, మా హీరోని ఇంత ఏడిపిస్తారా అన్నారు. నాకు నచ్చింది. మధ్యలో గడిచిన ఏళ్లకి ఏదో ఒక ఖరీదు ఉండాలి కదండీ. ఊరికే గడిచాయంటే ఎలా నమ్ముతాం?

చివరికి వాళ్లు నిజంగానే గతంలో పడతారు. క్రీస్తుపూర్వం 212, సిరాక్యూజ్ ముట్టడి, ఎదురుగా ఆర్కిమెడిస్. బుల్లెట్ తగిలి రక్తం కారుతున్న ముసలాయన, నేను ఇక్కడే ఉండిపోతాను అంటాడు. జీవితమంతా దీన్నే చదివాను, దీన్నే చూడాలనుకున్నాను, వదిలేయండి నన్ను అని బతిమాలతాడు. థియేటర్లలో కొందరు నవ్వారని విన్నాను. నాకు నవ్వు రాలేదు. నన్ను ఎవరైనా 1513లో తిరుమల కొండ మీద దించారనుకోండి, కృష్ణదేవరాయలు మొదటిసారి స్వామి దర్శనానికి వచ్చిన ఏడాది. ఇప్పుడు గుడిలో రాగి బొమ్మలై చేతులు జోడించి నిలబడిన రాయలూ, తిరుమలదేవీ, చిన్నాదేవీ ఊపిరితో నా ఎదుట నడిచి వస్తుంటే, వెనక్కి రా అని ఎవరైనా పిలిస్తే నేను వస్తానా? నిజంగా చెప్తున్నాను, నాకు తెలియదు. చరిత్ర చదివిన ప్రతివాళ్లకీ ఆ బలహీనత ఉంటుంది. ఇప్పటి రోజుల్లో మనతో పనిలేదు, అప్పటి రోజుల్లో ఉండుంటే బాగుండేదని. ఆ బలహీనతని ఇంత సూటిగా తెర మీద పెట్టిన సాహస సినిమా నేనింకోటి చూడలేదు.

ఆలస్యంగా వచ్చిన సీక్వెల్ మనకి చేసే ఆశ కూడా అదే కాదా? పాత రోజుల్లోనే ఉండిపోదాం రండి అని. హెలెనా ఒప్పుకోదు. ఒక్క గుద్దు గుద్ది, స్పృహ తప్పించి, వెనక్కి తీసుకొస్తుంది. కళ్లు తెరిస్తే ఆ చిన్న ఫ్లాటే.

అప్పుడు తలుపు తీసుకుని కూరగాయల సంచితో మేరియన్ వస్తుంది. అదే నటి, కారెన్ ఆలెన్. నలభై రెండేళ్ల తర్వాత. గాయాలతో ఉన్న ఆయన్ని చూసి నొప్పిగా ఉందా అంటుంది. అంతా నొప్పే అంటాడు. అప్పుడు ఆవిడ మోచెయ్యి చూపిస్తుంది. ఈసారి నొప్పి లేని చోటు ఆవిడ చూపిస్తోంది, ఆయన ముద్దు పెడుతున్నాడు. చేతులు వణుకుతున్నాయి. ఎంత చిన్న సీను! రెండు నిమిషాలు కూడా ఉండదు. 30 కోట్ల డాలర్ల దాకా ఖర్చుపెట్టి, 38 కోట్లు మాత్రమే వసూలు చేసి, థియేటర్ల వాటా పోను నష్టం వచ్చిందనిపించుకున్న సినిమాలో ఆ రెండు నిమిషాలకి ఖర్చేముంది? ఒక గది, ఇద్దరు ముసలివాళ్లు. మా అమ్మ ఆ పాత సినిమా చూడలేదు, ఓడ గది ఆవిడకి తెలియదు. అయినా కొంగుతో కళ్లు తుడుచుకుని అడిగింది, "వీళ్లు ఎన్నాళ్లకి కలిసినారు?" అని. చాలాకాలానికమ్మా అన్నాను.

ఆఖరి షాట్ గుర్తుందా? బయట బట్టలారేసే తీగ మీద ఆయన టోపీ ఆరుతూ ఉంటుంది. సినిమా అయిపోయిందనుకుంటాం, కిటికీలోంచి చెయ్యి వచ్చి లటుక్కున లాక్కుంటుంది. నాయన గట్టిగా నవ్వారు. "ఇచ్చేది లేదంటాడు" అన్నారు.

నాయన ఖాకీ చొక్కా ఒకటి బీరువాలో ఉంది. అమ్మ రెండుసార్లు పాత బట్టల వాళ్లకి వేయబోతే రెండుసార్లూ ఆయనే తీసి మడతపెట్టుకున్నారు. ఇక్కడికి బయల్దేరే ముందు అడిగాను, వేసుకొస్తావా అని. వద్దన్నారు. ఆయనిష్టం.

మన కుర్రాళ్లు ప్రొజెక్టర్ సిద్ధం చేశారు, ఆ మొదటి సినిమాలో లారీ సీను ఇప్పుడు వేస్తారు. ముందు వరుసలో పిల్లలు కొంచెం పక్కకి జరగండి, వెనకవాళ్లకి అడ్డం వస్తున్నారు. భుజం చూడటం మర్చిపోకండి. చూశాక డ్రైవింగ్ గురించి అనుమానాలుంటే నన్ను కాదు, ఆయన్ని అడగండి.

ఆ లైట్లు ఆపండి బాబూ. నాయనా, కళ్లజోడు పెట్టుకున్నావా?